ఉదయగిరి ఇంటికి నాలుగు ట్వీటర్లు

పోయిన ఏడాది ఆత్మకూరులో నా దుకాణం మూసేశాను. చేతులు వణకడం లేదు, గిరాకీ తగ్గలేదు. చెవులు తగ్గాయి. వయసు పైబడేకొద్దీ సన్నటి శబ్దాలు ముందుగా వినపడకుండా పోతాయి. అందరికీ పోతాయి. వేరే పనుల్లో ఉన్నవాళ్ళకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఇళ్ళకు స్పీకర్లు కట్టేవాడికి, అందులోనూ ట్వీటరు ఎంచేవాడికి, తెలిసి తీరాలి. నాలుక చచ్చినవాడు పెళ్ళివంట ఒప్పుకోకూడదు. నేనూ ఒప్పుకోవడం మానేశాను. దిగులేమీ లేదు. చెయ్యదలచుకున్నది చేసే దిగాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, ఏ ట్వీటరు మంచిదని అడుగుతున్నారు. సిల్కా, లోహమా, రిబ్బనా? ఫోనులో చూసి అన్ని పేర్లూ కంఠస్థం చేసి వస్తారు. ఒక్క ముక్కలో చెప్పమంటారు. ఒక్క ముక్కలో చెప్పగలిగితే ఆ ఉదయగిరి ఇంట్లో అన్ని తిప్పలు ఎందుకు పడతాను? కాబట్టి ఆ ఇంటి కథే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. స్పీకరు పెట్టెలో పళ్ళెమంత కనపడేది వూఫరు. మృదంగం, మగగొంతు, లావు శబ్దాలన్నీ దానివి. దాని పైన రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్దగా ఉండే ముక్క ట్వీటరు. తాళాల గలగల, వీణ తీగకు గోరు తగిలిన చప్పుడు, మాటలో స, శ, చ అక్షరాల అంచు, ఇవన్నీ దాని పని. వూఫరు బాగాలేకపోతే పాట చప్పగా ఉంటుంది. ట్వీటరు బాగాలేకపోతే పాట పెట్టినవాణ్ణే తిడతారు.

మైకు సెట్టు నుంచి గ్రంథాలయానికి

పదో తరగతి తర్వాత నేను మస్తానన్న దగ్గర మైకు సెట్టు పనిలో చేరాను. ఆత్మకూరులో పెళ్ళయినా, అనుమసముద్రంపేట దర్గాలో ఉరుసయినా, ఎన్నికలయినా మస్తానన్న హారన్లు కట్టాల్సిందే. మంచి గురువు. అరిచేవాడు, అన్నం పెట్టేవాడు, పని దాచుకునేవాడు కాదు. ఆయన సిద్ధాంతం ఒక్కటే.

"శబ్దమంటే ఏందిరా? పొలానికి అవతల మేకలు మేత ఆపి తలెత్తాల. అదీ శబ్దం!"

ఆరుబయట ఆ మాటకు తిరుగులేదు. హారన్ అనేది శబ్దాన్ని కూడగట్టి ఒక దిక్కుకు విసిరే సాధనం. వెయ్యిమంది కూర్చున్న మైదానంలో దాన్ని మించింది లేదు. ఆ హారన్‌నే ఇంట్లో పెడితే పాట మీదపడి కొట్టినట్టు ఉంటుంది. ఇంటికీ మైదానానికీ తేడా ఏమిటని అడిగితే మస్తానన్న, "ఇంట్లో వాల్యూం తగ్గించుకుంటారు, అంతే గదరా" అనేవాడు. అక్కడ మా దారులు విడిపోయాయి.

నా రెండో గురువు ఊళ్ళో శాఖా గ్రంథాలయం. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. నవలల బీరువా పక్కన, ఎవరూ తియ్యని అరలో, శబ్దశాస్త్రం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయి ఉంది. నా ఇంగ్లీషు అప్పటికి రేడియో పెట్టెల మీద రాసి ఉండే మాటలు చదివేంత. ఒక పక్క నిఘంటువు, ఇంకో పక్క పాఠశాల భౌతికశాస్త్రం వాచకం పెట్టుకుని కూర్చున్నాను. శబ్ద వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందని బడిలో బట్టీ పట్టాను. అది పరీక్షకు కాదనీ, గదిలో శబ్దం ఎటు పోతుందో చెప్పే సూత్రమనీ ఆ బల్ల దగ్గర తెలిసింది. తెలిసిన రోజు పుస్తకం మూసి బజారులోకి వస్తే, బస్సు హారన్లు కూడా కొత్తగా వినిపించాయి.

కొంతకాలానికి నాకూ సొంత మైకు సెట్టు వచ్చింది. అది నడుపుతూనే తెలిసినవాళ్ళ ఇళ్ళకు ఒకటీ అరా స్పీకర్లు కట్టి ఇస్తుండేవాణ్ణి. అప్పుడు ఉదయగిరి నుంచి మాలకొండారెడ్డి కబురు పంపాడు. కొత్త ఇల్లు కట్టాడు. పట్నంలో ఎవరి ఇంట్లోనో ఖరీదైన స్పీకర్లు విన్నాడు. అంతకన్నా మంచివి తన హాల్లో ఉండాలన్నాడు. మంచి కర్ర, మంచి వూఫర్లు, నీకు నచ్చిన ట్వీటరు తెప్పించుకో అన్నాడు. ఇలాంటి పని వస్తుందనే నేను అన్నేళ్ళు ఆ పుస్తకాల ముందు కూర్చున్నాను.

రెండు పడవల మీద కాళ్ళు వద్దనుకున్నాను. నా హారన్లు, ఆంప్లిఫయర్లు మస్తానన్నకే అమ్మేశాను. ఆయన నవ్వాడు.

"ఒరే నరసింహులూ, అమ్మినావని బాధపడబాకరా. నీ హారన్లు నా కాడ భద్రంగా ఉంటాయిలే. ఆర్నెల్లకి నువ్వే వచ్చి బాడిగకి అడుగుతావు."

మా ఆవిడ నవ్వలేదు. "ఆ రెడ్డి ఇంట్లో కుదరకపోతే ఏం చేస్తావు?" అని మాత్రం అడిగింది. ఉన్నది అదే ప్రశ్న. ఆ ఇల్లు కుదిరితే నేను స్పీకర్లు కట్టేవాణ్ణి. కుదరకపోతే నా హారన్లనే అద్దెకు తెచ్చుకుని, వాటిని కట్టడానికి మళ్ళీ చెట్లెక్కాలి.

ఇల్లు, సోఫా, మర్యాద

మాలకొండారెడ్డి హాలు పెద్దది. నేలంతా నున్నటి గ్రానైటు. గోడలకు పటాలు తప్ప ఇంకేమీ లేవు, కిటికీలకు తెరలు లేవు. చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడలకు తగిలి కాసేపు మోగింది. మా ప్రాంతంలో కలిగినవాళ్ళ ఇళ్ళన్నీ ఇంతే. చల్లగా ఉంటాయి, శుభ్రంగా ఉంటాయి, పాటకు పనికిరావు. వాటిలోనే పాట పలికించాలి. తివాచీలు పరవండి, తెరలు కట్టండి అని ఇంటివాళ్ళకు పాఠాలు చెప్పేవాడికి ఇక్కడ పని దొరకదు.

స్పీకర్లు పెట్టడానికి రెడ్డి గోడకు మనిషి తల ఎత్తున గ్రానైటు బల్ల వేయించాడు. కారణం మనవళ్ళు. పసిపిల్లలకు ట్వీటరు బుడిపె కనపడితే వేలు పెట్టి సొట్ట పడేదాకా నొక్కకుండా ఉండలేరు. ఆ బల్లకు ఎదురుగా, హాలు రెండో చివర, సోఫా. బల్లకు దగ్గర్లోనే, కొంచెం పక్కగా, వంటింటి గుమ్మం. ఆ గుమ్మం పక్కన గోడకు చేరగిలబడి నేల మీద కూర్చునేది రెడ్డి భార్య సుగుణమ్మ. పప్పు బాగు చేసినా, పూలు కట్టినా, మధ్యాహ్నం నడుం వాల్చినా అక్కడే.

ఆ ఇంట్లో రెడ్డి పాటలు పెట్టిస్తాడు. వినేది సుగుణమ్మ. చిన్నప్పటి నుంచి రేడియో వింటూ పెరిగిన మనిషి. పాట మొదలవక ముందు వచ్చే వాయిద్యం రెండు క్షణాలు వింటే ఏ పాటో చెప్పేది.

మొదటి రోజు నేను పనిముట్లు దించి నేల మీద కూర్చోబోయాను. భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే అరిచారు.

"అయ్యో, కింద కూచుంటావేంది? సోఫాలో కూచో!" అన్నాడు రెడ్డి.

"ఇంటికొచ్చినోళ్ళని నేల మీద కూచోబెట్టినారంటే మాకు మర్యాదేనా అన్నా?" అంది సుగుణమ్మ, తను నేల మీద కూర్చునే.

సోఫాలో కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను ఏ పాట విన్నా సోఫాలో నుంచే విన్నాను. మా వైపు సోఫా చుట్టాలది, నేల ఇంటివాళ్ళది. ఈ సంగతి పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు. తెలిసినదాని గురించి ఎవరూ ఆలోచించరు.

మొదటిది: అల్యూమినియం

ముందు అల్యూమినియం డోము పెట్టాను. డోము అంటే గుమ్మటం లాంటి బుడిపె. లోహం తేలిక, గట్టి. అందుకని వివరం బాగా వస్తుందని పుస్తకాల్లో ఉంది. నిజమే, వచ్చింది. తాళాలు తళతళలాడాయి. ఆ తళతళ గ్రానైటు మీద పడి, ఎదురు గోడకు తగిలి, మళ్ళీ వెనక్కి వచ్చింది. గాయని 'స' అన్న ప్రతిచోటా సూది దిగింది.

సుగుణమ్మ చాటలో కందిపప్పు చెరుగుతోంది. తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది.

"అన్నా, ఇది పాటా, కత్తికి సాన పట్టేదా?"

రెడ్డి ముఖం కూడా ముడుచుకుంది. నేను వాదించలేదు. లోహపు డోము చెడ్డదని కాదు. పుస్తకాలు, పరుపులు, బట్టలు నిండిన గదిలో, జాగ్రత్తగా కట్టిన సర్క్యూటుతో, నేను లోహంతోనే గొప్ప స్పీకర్లు కట్టాను తర్వాత. బోడి రాతి హాలులో మాత్రం దాన్ని మొదట పట్టుకోకండి. రాయి లోహాన్ని క్షమించదు.

రెండోది: రిబ్బను

రెండోది నా కల. అల్యూమినియాన్ని కాగితం కన్నా పల్చగా సాగదీసి, పొడవాటి నాడాలాగా అయస్కాంతాల మధ్య వేలాడదీస్తారు. అదే రిబ్బను ట్వీటరు. దానికి బరువు అంటూ దాదాపు ఉండదు. గ్రంథాలయంలో దాని బొమ్మ చూసిన నాటి నుంచి చేత్తో పట్టుకోవాలని ఉండేది. కొరియర్ పెట్టె విప్పుతుంటే మా ఆవిడ, "మొదటిసారి మనవణ్ణి ఎత్తుకున్నోడి మాదిరి ఉండావే" అంది.

ఉదయగిరి తీసుకెళ్ళి, బల్ల మీద పెట్టెలను సోఫా వైపు వంచి, పాత పాట ఒకటి పెట్టాను. మొదటి వయొలిన్‌కే రెడ్డి లేచి నిలబడ్డాడు.

"ఏందయ్యా ఇది! వాళ్ళు ఈడనే నిలబడి వాయిస్తున్నట్టుండాది!"

నిజంగా అలాగే ఉంది. రాతి హాలు కూడా నోరు మూసుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. గెలిచాననుకున్నాను. వంటింటి గుమ్మం వైపు చూశాను. సుగుణమ్మ పూలు కడుతోంది.

"ఎట్టుండాదమ్మా?"

"గొంతు మీద దుప్పటి కప్పినట్టుండాది."

"దానికేం తెలుస్తాదిలే నరసింహులా!" అన్నాడు రెడ్డి. "దాని చెవికి ఆ డొక్కు రేడియో అలవాటు."

"రేడియోలో మాట తెలిసేది గదా," అంది ఆమె, దారం పంటితో తెంపుతూ.

రెడ్డితో కలిసి నవ్వేసి బయటపడవచ్చు. డబ్బు ఇచ్చేది రెడ్డి. కానీ అల్యూమినియం విషయంలో ఆమె చెప్పిన మాట అక్షరాలా నిజం. నిన్న నిజం చెప్పిన చెవి ఇవాళ అబద్ధం ఎందుకు చెబుతుంది? ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మెచ్చుకున్నవాడి మాట జేబులో వేసుకోండి, మెచ్చుకోనివాడి మాట బల్ల మీద పెట్టుకోండి.

మూడోది: మడతల ట్వీటరు

లోపం రిబ్బనులో ఉందేమోనని మూడోది తెప్పించాను. పల్చటి పొరను విసనకర్రలాగా మడతలు మడతలుగా పెట్టి, ఆ మడతలు మూసుకుంటూ తెరుచుకుంటూ గాలిని పిండేలా చేస్తారు. రిబ్బను కన్నా గట్టిపిండం. తబలా మీద వేలి దెబ్బ ఇంత స్పష్టంగా నేను ఎక్కడా వినలేదు. నేను తెప్పించింది కూడా నిలువుగా, పొడుగ్గా ఉండే రకమే.

సోఫాలో రెడ్డి తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర నుంచి తీర్పు వచ్చింది.

"ఇది మొన్నటి దానికి చెల్లెలా అన్నా?"

ఆ మాటకు నేనూ నవ్వాను. ఎంత సరైన మాటో ఆ రోజు నాకు తెలియదు. రెండూ ఒక కుటుంబానివే, రెండింటికీ ఒకటే అవలక్షణం. ఆమె దాన్ని విని చెప్పింది. నేను సోఫాలో కూర్చుని వెతుకుతున్నాను.

పప్పన్నం చేతిలో పట్టుకుని

ఆ వారంలోనే వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. చుట్టాలొచ్చారు. జలదంకి నుంచి సుగుణమ్మ తమ్ముడు శేషారెడ్డి వచ్చాడు. మెడ్రాసు నుంచి తెప్పించుకోకుండా ఆత్మకూరు మైకువాడి చేత స్పీకర్లు కట్టించుకోవడమేమిటని బావను మొదటి నుంచీ ఆటపట్టిస్తున్నది ఆయనే. రెడ్డి పట్టుదలగా మళ్ళీ రిబ్బనే పెట్టించాడు. సోఫాలో, కుర్చీల్లో కూర్చున్న చుట్టాలంతా ఆహా అన్నారు. శేషారెడ్డి కూడా ఇంకో పాట పెట్టమన్నాడు.

వ్రతం నాడు భోజనాలు నేల మీదే. పాట మోగుతుండగానే హాల్లో వరసగా విస్తళ్ళు వేశారు. నన్నూ కూర్చోమన్నారు. నాకు వచ్చిన విస్తరి వంటింటి గుమ్మం పక్కన, గోడ వారగా.

కూర్చున్నాను. పాట పోయింది.

వూఫరు ఉంది, మృదంగం ఉంది. గాయని గొంతు మాత్రం ఎవరో గదిలో పెట్టి తలుపు వేసినట్టు అయింది. పప్పన్నం ముద్ద చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాను. గాయని బయటికొచ్చింది. కూర్చున్నాను, లోపలికి పోయింది. మళ్ళీ లేచాను.

"ఏంది నరసింహులా, చీమలు కుట్టినయ్యా?" అన్నాడు శేషారెడ్డి.

"ఇస్తరి ముందు లెయ్యగూడదు నాయనా, తప్పు," అంది వరసలో ఒక పెద్దావిడ.

"ఆ ఏందో బయటికి చెప్పుకోలేని జబ్బయి ఉంటాదిలే," అన్నారు ఇంకెవరో. పంక్తి అంతా నవ్వింది. నేను మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

సుగుణమ్మ సాంబారు గిన్నెతో వచ్చి నా ఎదుట ఆగింది. నా ముఖం చూసింది.

"ఇప్పుడు వినపడిందా నీకు?" అంది.

"వినపడిందమ్మా."

గ్రంథాలయం పుస్తకంలో ఈ సంగతి ఉంది. శబ్దం వచ్చే వస్తువు పొడవు ఆ శబ్దపు తరంగదైర్ఘ్యం కన్నా ఎక్కువైతే, ఆ పొడవు దిశలో శబ్దం విచ్చుకోదు, పలక లాగా నేరుగా పోతుంది. రిబ్బను నిలువుగా పొడుగు. పక్కలకు ధారాళంగా పంచుతుంది, పైకీ కిందికీ పంచదు. తల ఎత్తు బల్ల మీద నుంచి సోఫా వైపు వంచిన ఆ పలక, బల్లకు దగ్గర్లో నేల మీద కూర్చున్న మనిషి నెత్తి మీదుగా వెళ్ళిపోతోంది. మడతల చెల్లెలిదీ అదే దారి. ఇది చదివినవాణ్ణే. సోఫా మర్యాద నన్ను ఆ వాక్యం దాకా రానివ్వలేదు.

భోజనాలయ్యాక రెడ్డికి వివరించాను. ఆయనకు చటుక్కున పరిష్కారం తట్టింది.

"ఆమెని వచ్చి సోఫాలో కూచోమంటే సరిపాయె గదా!"

"సోఫాలో కూచుని చింతకాయలు దంచమంటావా?" అంది సుగుణమ్మ.

పెట్టెలను ఇంకా కిందికి వంచి చూశాను. ఆమెకు గొంతు వచ్చింది, సోఫాకు పోయింది. బల్ల దించుదామంటే మనవళ్ళ వేళ్ళు. శేషారెడ్డికి సందు దొరికింది.

"మెడ్రాసు నుంచి తెప్పించు బావా. ఈ లేసి కూచునే బాధ ఉండదు."

రెడ్డి నా వైపు తిరిగాడు. "ఇంకొక్క తూరి నరసింహులా. సోఫాలో నాకు, కింద ఆమెకి, ఇద్దరికీ ఒకటే పాట వినపడాల. లేదంటే నీ పెట్టెలు నువ్వు ఎత్తుకపో. నేనేం అనను. ఊళ్ళో అడిగితే మాత్రం ఉన్నమాట చెప్తా."

ఉదయగిరిలో రెడ్డి ఉన్నమాట చెబితే అది సాయంత్రానికి ఆత్మకూరు చేరుతుంది. మస్తానన్న హారన్లు తుడిచి సిద్ధం చేస్తాడు.

నాలుగోది: సిల్కు, ఒక కర్ర పళ్ళెం

మర్నాడు గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాను. ఈసారి ట్వీటర్ల గురించి చదవలేదు. శబ్దం ఎలా విచ్చుకుంటుందో చెప్పే అధ్యాయం ఒక్కటే మళ్ళీ మళ్ళీ చదివాను.

సిల్కు డోము అందరూ చూసిందే. గుడ్డ బుడిపె, పైన పల్చగా పూత. గుండ్రంగా, చిన్నగా ఉంటుంది కాబట్టి పైకీ కిందికీ పక్కలకూ సమానంగా పంచుతుంది. లోహంలాగా మోగదు. రిబ్బను చూపే ఆ చివరి తళుకు దానికి లేదు, అది ఒప్పుకోవాలి. ఖరీదైన ఇంటికి ఈ మామూలు సిల్కు ఏమిటని మొదట్లో నేనే దాన్ని పక్కన పెట్టాను. ఇక్కడ దానితో చిక్కు వేరే. అన్ని వైపులా పంచేది పక్క గోడలకూ పంచుతుంది, రాతి గోడలు తిరిగి అరుస్తాయి. పక్కలకు కొంచెం అదుపు కావాలి, నిలువునా స్వేచ్ఛ కావాలి.

దానికి మార్గం డోము చుట్టూ పళ్ళెం లాంటి గుంట. పక్కల అంచులు నిటారుగా ఉంటే శబ్దం అటు ఎక్కువ పారదు. పైనా కిందా అంచులు ఏటవాలుగా ఉంటే ధారాళంగా జారుతుంది. అంటే గుండ్రం కాదు, నిలువు కోడిగుడ్డు ఆకారం. దానివల్ల ఇంకో లాభం ఉంది. ట్వీటరుకు ఆ పళ్ళెం ఆసరా అవుతుంది కాబట్టి, గాయని గొంతులో ఇంకొంచెం కింది స్థాయి నుంచే పని దానికి అప్పగించవచ్చు. వూఫరూ ట్వీటరూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని గొంతులో గుంత పడే బెడద, నేల మీది చెవికి తగ్గుతుంది. లెక్క వేశాను, అట్టముక్కలతో నమూనా కత్తిరించాను.

ఈ పళ్ళెం ఎవరు చేస్తారు? ఉదయగిరిలో ఉండి ఆ ప్రశ్న అడగడమే తప్పు. తరాలుగా కర్ర గరిటెలు, స్పూన్లు చెక్కే ఊరు అది. మహబూబ్బీ అనే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆమె నమూనా అటూ ఇటూ తిప్పి చూసింది.

"గరిటె ఎరుగుదును, స్పూను ఎరుగుదును. నడిమధ్యలో బొక్క పెట్టమంటా ఉండావు, ఇదేం పాత్ర నాయనా?"

"దీంట్లో నుంచి పాట వడ్డిస్తారమ్మా."

"ఎవురికి?"

"సోఫాలో కూచున్నోళ్ళకి, నేల మీద కూచున్నోళ్ళకి. ఇద్దరికీ ఒకటే పంక్తి."

ఆమె పకపకా నవ్వింది. "అట్టయితే లోతు ఎక్కువ తియ్యనులే. లోతు గరిటెతో వడ్డిస్తే ముందోడికే అయిపోతాది."

నా లెక్కలో ఉన్న లోతు చూపించాను. ఆ లోతే తీసింది. కొండ కర్ర, చేత్తో చెక్కి, చింతగింజలాగా నున్నగా చేసి ఇచ్చింది. "పాట బాగాలేకపోతే నా పనిమీదికి తోయబాకు," అని హెచ్చరించి మరీ ఇచ్చింది. వేలు తగలకుండా డోము మీద సన్నటి జాలీ బిగించాను.

ఒకటే పంక్తి

పెట్టెలు బల్ల మీదికి ఎక్కించిన రోజు శేషారెడ్డి జలదంకి నుంచి పనిగట్టుకుని వచ్చాడు. నేను పెట్టెలు ఎత్తుకుపోవడం చూడాలని ఆయన కోరిక. రెడ్డి సోఫాలో కూర్చుని నా వైపు చూశాడు.

"రా నరసింహులా, కూచో."

"క్షమించు రెడ్డీ. ఇవాళ నా చోటు ఇది," అని వంటింటి గుమ్మం పక్కన నేల మీద చతికిలబడ్డాను. సుగుణమ్మ ఈసారి మర్యాద మాట ఎత్తలేదు. గోంగూర కట్టలు పక్కకు జరిపి నాకు చోటిచ్చింది.

పాట పెట్టాను. పాత పాటే, ఆమెకు చిన్నప్పటి నుంచి వచ్చిన పాట. వాయిద్యాలయ్యాయి, పల్లవి వచ్చింది. ఆమె ఆకు తుంచుతూనే ఉంది. రెడ్డి ఆమెను చూస్తున్నాడు, నేను చూడకుండా ఉండాలని నేలను చూస్తున్నాను. పల్లవి అయిపోయింది. చరణానికి ముందు చిన్న ఖాళీ. ఆ ఖాళీలో ఆమె చెయ్యి ఆగింది.

"ఊపిరి తీసుకునింది," అంది.

"ఎవురు?" అన్నాడు శేషారెడ్డి.

"ఆ పాడేయమ్మ. చరణం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకునింది. ఇన్నేళ్ళు విన్నా, ఎప్పుడూ వినపళ్ళేదు." రెడ్డి వైపు తిరిగింది. "మీకు వినపడిందా ఆడ?"

రెడ్డి తల ఊపాడు. "వినపడింది." ఆగి, మళ్ళీ అన్నాడు. "నేను లెక్క చెయ్యలా. నువ్వంటే తెలిసింది."

పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది. పెట్టాను. ఈసారి సన్నగా తనూ పాడింది, పైకే, మా అందరి ముందూ. చరణానికి ముందు ఆ గాయనితో పాటు ఊపిరి తీసుకుంది. శేషారెడ్డి సోఫాలో నుంచి లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు, గొంతుక్కూర్చుని విన్నాడు, మళ్ళీ సోఫాలోకి పోయి విన్నాడు. మళ్ళీ వచ్చాడు.

"ఏంది రెడ్డీ, చీమలా?" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

ఆయన దెబ్బ ఒప్పుకుని నవ్వాడు. "మాకూ ఒక జత కట్టియ్యి నరసింహులా. ఇట్టాంటిదే, ఇదే సిల్కు, ఇదే పళ్ళెం."

నేను నోరు తెరిచేలోగా సుగుణమ్మ అందుకుంది.

"ఇదే అంటావేంది శేషా? మీ ఇంట్లో నీ పెండ్లాం ఏడ కూచుని వింటాదో ముందు అది చెప్పు. ట్వీటరు సంగతి తర్వాత."

శేషారెడ్డి జేబులో నుంచి ఫోను తీసి అక్కడికక్కడే భార్యకు చేశాడు. స్పీకరులో పెట్టాడు.

"మే, నువ్వు పాటలు ఏడ కూచుని వింటావు?"

అవతల నుంచి పోపు చిటపట, దాని మీదుగా ఆమె గొంతు. "కూచునేదానికి నాకు తీరిక యాడుండాది? పొయ్యి కాడ నిలబడే వింటా. ఏం, ఎందుకు?"

శేషారెడ్డి ఫోను జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు.

"పొయ్యి కాడ నిలబడేదానికి ఏ ట్వీటరు?"

"తెలవదు రెడ్డీ," అన్నాను, కొలత టేపు సంచిలో వేసుకుంటూ. "పద, మీ వంటింట్లో నిలబడి చూద్దాం."